మూడు మిల్లీమీటర్ల సూదిమొన

"సూది విరిగింది," అంది సిహెమ్.

గట్టిగా అనలేదు. దుమ్ము చొరబడని ఆ తెల్లగదిలో గట్టిగా మాట్లాడినా ముసుగు దాటి బయటికి రాదు. అయినా ఆ మాటకి గదిలో ఉన్న అందరి చేతులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సూది విరిగిందంటే తులూజ్‌లో ఉపగ్రహాలకి దుప్పట్లు కుట్టేవాళ్ళకి ఇంట్లో గ్యాసు వాసనొచ్చినట్టే.

ఉపగ్రహానికి అవతలివైపు నిచ్చెన మీదున్న జోసియాన్, తన వంకరసూదిని అయస్కాంతం బిళ్ళకి అంటించి, గబగబా దిగింది.

"కదలకు పిల్లా. చేతులు పైకెత్తే ఉంచు. ఎన్ని ముక్కలున్నాయి?"

"కన్నమున్న ముక్క నా వేళ్ళల్లో ఉంది. నడిమి ముక్క దుప్పట్లో గుచ్చుకుని ఉంది. మొన లేదు."

"ఎంతుంటుంది?"

"మూడు మిల్లీమీటర్లు."

జోసియాన్ కసాల్బూకి ఈ పనిలో ఇరవైతొమ్మిదేళ్ళు. దుప్పటంటే మనం కప్పుకునేది కాదు. ఉల్లిపొర కంటే పల్చటి వెండిరేకులు ఇరవై రెండు, ఒక్కోదాని మధ్య ఒక వల, పైన బంగారురంగు రేకు. అంతరిక్షంలోని ఎండకీ చలికీ ఉపగ్రహాన్ని కాపాడేది అదే. ఎన్ని యంత్రాలొచ్చినా చివరి అంచు మాత్రం ఆడవాళ్ళ చేతికుట్టే. నేల మీదయితే మూడు మిల్లీమీటర్ల ఇనుము ఎక్కడ పడితే అక్కడే పడుంటుంది. పైకెళ్ళాక దానికి కిందా మీదా లేదు. తేలుకుంటూ పోయి రెండు తీగల మధ్య దూరిందంటే, పదిహేనేళ్ళు పనిచెయ్యాల్సిన యంత్రం ఒక్క పూటలో చచ్చి ఊరుకుంటుంది.

అందుకే వాళ్ళకో కాగితం ఉంది. విరిగిన సూది ముక్కలన్నీ ఆ కాగితం మీద టేపుతో అతికించి, కలిపి కొలిచి, పూర్తి పొడవు వచ్చిందని రాసి, ముద్ర వెయ్యాలి. ముద్రలు మనిషికొకటి. జోసియాన్‌ది పదిహేడో నంబరు. జనవరిలో పరీక్ష పాసైన సిహెమ్‌ది ముప్పై ఒకటి.

సూది విరగ్గొట్టినవాళ్ళు వెతుకులాటలో ఉండకూడదు, అదీ రూలే. సిహెమ్‌ని పక్కగదికి పంపి, ఆమె అంగీని దీపం కింద పరిచి అంగుళం అంగుళం చూశారు. ఇక్కడ జోసియాన్, ఇంకో ముగ్గురు, కుట్టుకి కుడిపక్క రెండు జానల మేర దుప్పటి విప్పి, టార్చి వేసి, అయస్కాంతం పుల్లతో సాయంత్రం అయిదింటిదాకా వెతికారు. నడుములు పడిపోయాయి గానీ మొన దొరకలేదు.

మర్నాడు బుధవారం. ప్రొడక్షన్ పెద్ద దెల్‌మాస్ రోజూ పొద్దున్నే వర్క్‌షాపంతా తిరిగి ఒక్కొక్కరికీ చెయ్యి కలుపుతాడు. పారిస్ ఆఫీసు నుంచి వచ్చి రెండేళ్ళయింది, ఒక్కరోజు మానలేదు. జ్వరమొచ్చినరోజు కూడా మోచెయ్యి ఆనించి వెళ్ళాడు. ఆ బుధవారం ఎనిమిదిమందికి చెయ్యి కలిపాడు, తొమ్మిదో మనిషి సిహెమ్ చెయ్యి చాపి నిలబడితే గడియారం చూసుకుని వెనక్కి తిరిగాడు.

ఆ చాపిన చెయ్యి గాల్లో అట్లా ఉండిపోవడం జోసియాన్ చూసింది. ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళ నుంచి ఏజెన్సీ తరఫున, మూణ్ణెల్లకోసారి కాగితం తిరగరాయించుకుంటూ పనిచేస్తోందా పిల్ల. జూన్‌లో పర్మనెంటు చేస్తామని ఈ దెల్‌మాసే నోటితో చెప్పాడు. తప్పు దాచుకోకుండా చెప్పినదానికి ఇదా మర్యాద?

పదింటికి సిహెమ్‌ని అద్దాలగదిలోకి పిలిచాడు. నాలుగింటికి జోసియాన్ చేతులు కడుక్కోవడానికి వెళ్తే, ఆ అమ్మాయి లాకరు ఖాళీ చేస్తోంది. తెల్లచెప్పులు, కాఫీ కప్పు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం.

"ఏమిటే ఇది?"

"దొరికిందని రాయమన్నారు. దొరకలేదు కదండీ అన్నాను. ఊడ్చినప్పుడు చెత్తలో పోయుంటుందిలే, రాసెయ్ అన్నారు. పోయుండొచ్చు, నేను చూడలేదు, చూడనిదానికి నా ముద్ర వెయ్యను అన్నాను." సంచి జిప్పు లాగింది. అది మధ్యలో ఇరుక్కుంది. "మధ్యాహ్నం ఏజెన్సీ నుంచి ఫోను. రేపట్నుంచి రావద్దట. పని అయిపోయిందట."

"ఎక్కడయింది? తరవాతి ఉపగ్రహానికి ఇంకా నాలుగు దుప్పట్లుంటే!"

"నాకు అయిపోయిందని వాళ్ళ అర్థం."

"ఏడుస్తున్నావా?"

"లేదండీ. ఈ దరిద్రపు జిప్పు రావట్లేదు." ముక్కు ఎగబీల్చింది. "రోడ్డవతల మిసైళ్ళ బిల్డింగులోనే ఉండాల్సింది. అక్కడ రోజంతా బోల్టులు బిగించుకుంటూ హాయిగా ఉండేదాన్ని. మీరేగా ఇటు లాక్కొచ్చారు?"

"అక్కడ పేలిపోవడానికి తయారుచేస్తారు, ఇక్కడ పేలకుండా ఉండటానికి. నీ చేతులు చూసి తెచ్చుకున్నాను. ఇలా ఇయ్యి." జోసియాన్ జిప్పుని వెనక్కి లాగి, దారప్పోగు తప్పించి, పైకి లాగింది. "ఫోను ఆపుకోకు. అర్థమైందా?"

"ఎందుకు?"

"ఎందుకో ఏమో. ఆపుకోకు, అంతే."

ఆ రాత్రి గాలి మొదలైంది. తూర్పు నుంచి వచ్చే ఆ గాలికి తులూజ్‌లో పిచ్చిగాలని పేరు. మూడురోజులు వీస్తే ముసలాళ్ళకి తలనొప్పి, కోర్టుల్లో విడాకులు అంటారు. గురువారం పొద్దున దెల్‌మాస్ అద్దాలగదిలోకి పిలిచినప్పటికి జోసియాన్‌కి తలనొప్పీ ఉంది, కోపమూ ఉంది.

బల్ల మీద సూది కాగితం. మూడో గడిలో టేపు కింద చిన్న మెరుపు.

"దొరికిందండీ జోసియాన్ గారూ," అన్నాడు దెల్‌మాస్. "చొకొలాతిన్ తీసుకోండి, వేడిగా ఉంది."

చాక్లెట్ కూరిన ఆ రొట్టెని తులూజ్‌లోనే అట్లా అంటారు, పారిస్‌వాళ్ళు ఇంకోపేరుతో పిలుస్తారు. ఆ మనిషి నోటంట చొకొలాతిన్ అన్న మాట రావడం రెండేళ్ళలో అదే మొదలు. అప్పుడే అనుమానమొచ్చింది ఆవిడకి.

"ఎక్కడ దొరికింది?"

"ఊడ్చిన చెత్తలో."

జోసియాన్ మెడలో తాడుకి వేలాడే భూతద్దం కంటికి పెట్టుకుంది. విరిగిన ఉక్కు అంచు గరుగ్గా, బెల్లమ్ముక్క విరిచినట్టుంటుంది. ఇది నొక్కుకుపోయి పలకలా ఉంది. రెండుపక్కలా కటింగ్‌ప్లయర్ పళ్ళ గుర్తు.

"ఇది విరిగింది కాదు, కత్తిరించింది."

"మీ కళ్ళు మహా చురుకు."

"నా పనే అది."

దెల్‌మాస్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. భయస్తుడి చేతిలో అధికారం ఉంటే జరిగేదేదో అదే జరుగుతోంది. "చూడండి. రేపు పదకొండింటికి లారీ వస్తుంది, పోలీసు బళ్ళతో సహా. ఏర్‌పోర్టులో కార్గో విమానం కాచుకునుంది. కూరూ ప్రయోగకేంద్రంలో రాకెట్టు సిద్ధంగా ఉంది. సముద్రం అవతల నాలుగొందలమంది ఈ ఒక్కదాని కోసం ఎదురుచూస్తున్నారు. మూడు మిల్లీమీటర్లు! గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఒక్క ముద్ర. మీరు వేస్తే ఎవడూ రెండోసారి చూడడు."

"అందుకే వెయ్యను."

"మీకింకా పద్నాలుగు నెలలేగా సర్వీసు. ప్రశాంతంగా గడిపెయ్యక—"

"ప్రశాంతంగా శ్మశానంలో ఉంటాను లెండి. తొందరేముంది." చొకొలాతిన్ పళ్ళెం ఆయన వైపుకి నెట్టింది. "ఆ పిల్ల చెయ్యని పాపానికి దాన్ని గెంటేసి, ఆ పాపమేదో నా చేత చేయిస్తారా? ఎంత మాటండీ! నాకంటే చిన్నది, అది వెయ్యనంది. నేను వేస్తానని ఎట్లా అనుకున్నారు? అదీ నాకు కోపం."

లేచి నేరుగా వర్క్‌షాపు గోడకున్న బీరువా దగ్గరికెళ్ళింది. అడుగు సొరుగులో ఎర్రట్టలుంటాయి. ఎవరికైనా అనుమానమొస్తే, ఊడ్చేవాడైనా సరే, ఎర్రట్ట తగిలించి పని ఆపొచ్చు. క్వాలిటీ వాళ్ళు వచ్చి చూసేదాకా దాన్ని డైరెక్టరు కూడా తియ్యలేడు. హక్కయితే ఉంది గానీ, ఈ వర్క్‌షాపులో ఎర్రట్ట పడింది ఒక్కసారే, అదీ కాఫీ మిషనుకి, హాస్యానికి.

జోసియాన్ అట్ట మీద తేదీ వేసి, "సూదిమొన లోపలే ఉంది" అని రాసి, పదిహేడో నంబరు ముద్ర గట్టిగా గుద్ది, తెల్లగది తలుపు చిలుక్కి తగిలించింది. వెనకాలే వచ్చిన దెల్‌మాస్ మొహం కూడా ఇంచుమించు ఆ రంగులోనే ఉంది.

"ఇదేమిటో తెలుసా మీకు?"

"చదువొచ్చు కదా, చదువుకోండి."

క్వాలిటీ నుంచి ఓదిల్ ప్రదాల్ వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆవిడ నవ్వగా చూశామన్నవాళ్ళు ఫ్యాక్టరీలో లేరు. అట్ట చదివింది, కాగితం చూసింది, టేపు కిందున్న ముక్కని భూతద్దంలో చూసింది. దెల్‌మాస్ ఏదో చెప్పబోతే వేలు చూపించి ఆపింది. ఆ ముక్కని చిన్న సంచీలో వేసి, సంచీ మీద తేదీ రాసి, జేబులో పెట్టుకుంది.

"లారీకి ఫోన్ చేసి రావద్దనండి. రేపు ఎక్స్‌రే తీయిస్తాను," అంది. ఎవర్నీ ఒక్కమాట అనలేదు.

మధ్యాహ్నం క్యాంటీన్లో జోసియాన్ బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఇరవైతొమ్మిదేళ్ళుగా ఆ కిటికీ పక్క బల్ల ఖాళీ ఉన్నరోజు లేదు. "మా బోనస్సులు పోతే ఆవిడ ఇస్తుందా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు, వినపడాలనే అన్నారు. ఆవిడ సాసేజీ మొత్తం తిని, రొట్టెముక్కతో పళ్ళెం శుభ్రంగా తుడుచుకుని మరీ లేచింది.

శుక్రవారం ఎక్స్‌రే వాళ్ళు పెట్టెలు మోసుకొచ్చారు. కుట్టుకి కుడిపక్క మొదలుపెట్టి, అక్కడేం లేకపోతే పైకీ కిందకీ జరుపుతూ పోయారు. మూడింటికి తెరమీద తెల్లటి గీత కనపడింది. అడుగుభాగంలో, ఇంధనపు గొట్టం పక్కన, దుప్పటి మడతలో.

"దొరికింది!" దెల్‌మాస్ గట్టిగా అరిచాడు. పాపం, నిజంగానే కళ్ళు చెమర్చాయి. "దొరికింది, జోసియాన్ గారూ! మీరే గెలిచారు! నేను ఒప్పుకుంటున్నాను, అందరి ముందూ ఒప్పుకుంటున్నాను." రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపాడు. వెనక నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు. నిన్న బోనస్సన్న గొంతు కూడా అందులో ఉంది. "ఇది తీసేసి సాయంత్రానికల్లా మూసేద్దాం. ఆ అమ్మాయి విషయం కూడా తేలిపోయింది. ఎంత అజాగ్రత్త! పంపించి మంచిపనే చేశాం."

"నాలుగున్నర మిల్లీమీటర్లుంది," అంది ఓదిల్. "కాగితంలో మూడు."

"కంగారులో తప్పు కొలిచుంటుంది."

జోసియాన్ తెరకి దగ్గరగా వెళ్ళింది. ఆ గీత తిన్నగా లేదు. ఒక చివర సన్నగా వంగి ఉంది. సిహెమ్ కుట్టింది తిన్నని సూదితో. వంకరసూదితో అడుగుభాగం కుట్టింది ఈ వర్క్‌షాపులో ఒక్కళ్ళే.

ఫిబ్రవరి. శుక్రవారం సాయంత్రం. టీవీలో రగ్బీ మ్యాచి ఉంది, ఊరు ఊరంతా తమ జట్టు రంగుల్లో ఎర్రా నలుపూ మఫ్లర్లు చుట్టుకుని బార్లలోకి దూరుతోంది. అప్పుడు సూది విరిగింది. మూడు ముక్కలు దొరికాయి. పక్కపక్కన పేరిస్తే సూదిలాగానే కనపడ్డాయి. వంకరగా ఉన్నదాన్ని కొలవడం చిరాకు. కొలవలేదు. విరగని సూదికుండే పొడవునే అంకెగా రాసి, పదిహేడు గుద్ది, బస్సు కోసం పరిగెత్తింది. మ్యాచి కూడా ఓడిపోయారు.

సిగ్గు. మెడ దగ్గర్నుంచి చెవులదాకా పాకే సిగ్గు. నిన్న ఈయన్ని ఎన్ని మాటలంది! ముద్ర వెయ్యనని ఎంత గొప్పగా చెప్పుకుంది! ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఎర్రట్ట తియ్యొచ్చు, లారీ రావొచ్చు, పద్నాలుగు నెలల తర్వాత పూలగుత్తి ఇచ్చి సాగనంపుతారు. సిహెమ్ మాత్రం అజాగ్రత్త మనిషిగా మిగిలిపోతుంది. దాని సూదిమొన లోపలే ఉంటుంది.

"అది సిహెమ్‌ది కాదు," అంది. ముసుగు కిందకి లాగి మళ్ళీ చెప్పింది. "సిహెమ్‌ది కాదు. నాది. ఫిబ్రవరిలో విరిగింది. కాగితం తీయించి చూడండి, కొలవకుండా ముద్ర వేశాను."

చప్పట్లు ఆగిపోయాయి.

"మీకు పిచ్చా?" అన్నాడు దెల్‌మాస్, నెమ్మదిగా. "ఎవరడిగారండీ మిమ్మల్ని?"

"ఎవరూ అడగరు. ఇక్కడ అదే రోగం."

ఓదిల్ తెర మీంచి ఆవిడ వైపు తిరిగింది. "దీని అర్థం మీకు తెలుసు కదా?"

"తెలుసు." జోసియాన్ జేబులోంచి ముద్ర తీసి ఓదిల్ చేతిలో పెట్టింది. "మళ్ళీ పరీక్ష పాసయ్యేదాకా నా కుట్టు ఇంకొకళ్ళు చూసి ముద్ర వెయ్యాలి. రాసుకోండి. ఇంకోటి కూడా రాసుకోండి. మూడు మిల్లీమీటర్లది ఇంకా లోపలుంది. దొరికేదాకా లారీ లేదు."

"సరే. వెతుకుదాం," అన్నాడు దెల్‌మాస్. ఆయన గొంతులో ఓపిక అయిపోయింది. "వెతికాక దుప్పట్లు మళ్ళీ కుట్టాలిగా? ఎవరు చూసి ముద్ర వేస్తారు?"

ఓదిల్ వేళ్ళు మడిచింది. ముద్ర ఉన్న కుట్టుమనుషులు నలుగురు. ఒకామె పురిటికి సెలవులో ఉంది. ఒకామె కూరూలో ఈ ఉపగ్రహం కోసమే కూర్చునుంది. పదిహేడు ఇప్పుడే చేతికొచ్చింది.

"ముప్పై ఒకటి," అంది.

"ఆ అమ్మాయిని మీరు బుధవారం ఇంటికి పంపించారు," అంది జోసియాన్. అంత సిగ్గులోనూ ఆ మాట అంటుంటే నాలిక మీద పంచదార వేసినట్టుంది ఆవిడకి.

"మీరు చెప్తే వింటుంది. మీరే ఫోన్ చెయ్యండి."

"నేనెవర్నండీ? ముద్ర లేని మనిషిని. పంపినవాళ్ళే పిలవాలి."

దెల్‌మాస్ అక్కడే, అందరి ముందూ ఫోన్ చేశాడు. ఇవతలి మాటలు మాత్రమే వినపడ్డాయి. "దెల్‌మాస్‌ని... అవునమ్మా... సోమవారం... లేదు, ఏజెన్సీ ద్వారా కాదు... జూన్ దాకా ఎందుకు... ఇప్పుడేనా?... రాతలోనా?..." ఓదిల్ వైపు చూశాడు. ఓదిల్ కిటికీలోంచి గాలికి ఊగుతున్న చెట్లని చూస్తోంది. "సరే. రాతలోనే."

క్యాంటీన్లో సూది కోసం సోదికెళ్తే పాత రంకు బయటపడిందని నవ్వుకున్నారు. జోసియాన్ చెవిన పడింది. నిజమే కదా అని ఊరుకుంది.

సోమవారం గాలి తగ్గింది. సిహెమ్ ఏడున్నరకే వచ్చి కాగితం రెండుసార్లు చదివి సంతకం పెట్టింది. దెల్‌మాస్ చెయ్యి చాపాడు. ఆమె కాఫీ తాగడం పూర్తిచేసి, కప్పు బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని అప్పుడు కలిపింది.

తెల్లగదిలోకి వెళ్ళి అంతా కలయచూసింది. "ఎక్కడెక్కడ వెతికారు?"

"కుట్టుకి కుడిపక్కంతా, పైనా కిందా," అంది జోసియాన్. "నువ్వు కుడిచేత్తో లాగితే అటేగా పడాలి."

"ఆ మూలకి నా కుడిచెయ్యి దూరలేదు. వెల్లకిలా పడుకుని ఎడంచేత్తో కుట్టాను. సూది ఎడమకి లాగాను."

ఇంతమంది, ఇన్ని యంత్రాలు, అయిదురోజులు.

"రూలు ప్రకారం నేను వెతక్కూడదు. సరే. అడగొచ్చుగా? ఒక్కళ్ళయినా అడిగారా నన్ను, ఏ చేత్తో కుట్టావని?" సిహెమ్ గొంతు మొదటిసారి పెరిగింది. జోసియాన్ తల దించుకుంది. ఫోను ఆపుకోవద్దని చెప్పింది గానీ, ఆవిడా అడగలేదు.

ఎక్స్‌రే ఎడమపక్కకి తిప్పితే పన్నెండు నిమిషాల్లో కనపడింది. తిన్నగా, సన్నగా, మూడు మిల్లీమీటర్లు. సిహెమ్ దాన్ని కాగితం మీద అతికించి, మూడు ముక్కలూ కలిపి కొలిచి, ఇంకోసారి కొలిచి, ముప్పై ఒకటి వేసింది.

మధ్యాహ్నం నుంచి తిరిగి కుట్టడం. జోసియాన్ వంకరసూది తీసుకుని అడుగుభాగం మూసింది. నడుము వంచి రెండు గంటలు, ఎక్కడా ఆగలేదు. పూర్తయ్యాక పక్కకి తప్పుకుని, ఎవరైనా వేస్తారు కదా అన్నట్టు చేతులు కట్టుకు నిలబడింది. మంచి కుట్టని తనకి తెలుసు.

సిహెమ్ మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దంతో ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసింది. ముద్ర చేతిలోనే ఉంది. వెయ్యలేదు. మళ్ళీ వెనక్కెళ్ళి ఒకచోట ఆగింది.

"ఇక్కడ రెండు కుట్లు మరీ ఎడంగా పడ్డాయి. విప్పండి."

"అర మిల్లీమీటరు కూడా ఉండదే!"

"విప్పండి, జోసియాన్ గారూ."

"నీకు కుట్టు నేర్పింది నేను."

"అందుకేగా విప్పమంటున్నది."

అవతల దెల్‌మాస్ గడియారం చూసుకుంటున్నాడు. లారీ మళ్ళీ రేపటికి చెప్పి ఉంది. జోసియాన్ భూతద్దం లాక్కుని వంగి చూసింది. రెండు కుట్లు. నిజంగానే ఎడంగా ఉన్నాయి. ముసుగులోపల ఒక బూతుమాట అనుకుని, కత్తెర అందుకుని, విప్పడం మొదలుపెట్టింది.